పౌరశాస్త్ర విద్య – గ్రామ పంచాయతీకి దాని ప్రయోజనము

ఏటేట పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడిన దినములలో, ప్రతి గ్రామమునందును రచ్చబండ కడ ఒకే ముచ్చట వినవచ్చును. పిల్లవానిని ఏ గ్రూపులో చేర్పవలెను, పిల్లను ఏ కళాశాలకు పంపవలెను అనునదే ఆ ముచ్చట. దీనికి సామాన్యముగ లభించు సమాధానములు రెండే. లెక్కలు వచ్చినవారికి ఎం.పి.సి.; వైద్యవిద్యపై ఆశ గలవారికి బై.పి.సి. ఈ రెంటను ఇమడనివారికి, లేక మార్కులు తక్కువ వచ్చినవారికి మాత్రమే సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అను గ్రూపులు ఏర్పడినవని పలువురి తలంపు. ఈ తలంపు సరియైనది కాదు. ఆ గ్రూపులలో బోధింపబడు పౌరశాస్త్రము, అనగా ప్రభుత్వమును రాజనీతిని గూర్చిన విద్య, పంచాయతీ సభ్యులు ప్రతిదినము చేయు పనికి మిక్కిలి దగ్గరి చుట్టము. ఆ విద్య ఎట్టిదో, దానివలన గ్రామమునకు ఒనగూడు మేలెట్టిదో ఈ వ్యాసమున వివరింతుము.

ఈ విద్యలో ఏమి నేర్పుదురు?

మన రాష్ట్రములలో రెండు సంవత్సరముల ఇంటర్మీడియట్ విద్య 1969–70లో ప్రారంభమైనది. పదియు, రెండును, మూడును అను విద్యాక్రమమున మధ్యనున్న రెండు సంవత్సరములు ఇవియే. పాఠశాలలో సాంఘిక శాస్త్రమున ఒక భాగముగ నుండిన పౌరశాస్త్రము ఇచ్చట స్వతంత్ర విషయమగును. సి.ఇ.సి. యనగా పౌరశాస్త్రము, అర్థశాస్త్రము, వాణిజ్యశాస్త్రము. హెచ్.ఇ.సి. యనగా చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము. పాఠ్యగ్రంథములు కాలానుగుణముగ మారుచుండును గాని, స్థూలముగ విషయవిభజన ఇట్లుండును.

మొదటి సంవత్సరమున మూలభావములు నేర్పుదురు. రాజ్యమనగా నేమి? చట్టమనగా నేమి? స్వేచ్ఛకు హద్దు గలదా? సమానత్వమనగా అందరికి ఒకే తీరున పంచుటయా, లేక వెనుకబడినవానికి చేయూత నిచ్చుటయా? న్యాయము, హక్కులు, పౌరసత్వము, ప్రజాస్వామ్యము, లౌకికవాదము అను పదములకు అర్థమేమి? ఇట్టి ప్రశ్నలను విద్యార్థి విచారించును. రెండవ సంవత్సరమున ఈ భావములు మన దేశమున ఎట్లు ఆచరణకు వచ్చినవో తెలిసికొనును. రాజ్యాంగ నిర్మాణము, ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రములు, రాష్ట్రపతి, పార్లమెంటు, న్యాయస్థానములు, రాష్ట్ర ప్రభుత్వము, కేంద్ర రాష్ట్ర సంబంధములు, స్థానిక ప్రభుత్వములు, ఎన్నికలు అందలి ముఖ్య విషయములు.

ఈ శాస్త్రమును తెలుగున చదువుటకు వీలు కల్పించినవారిలో 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీ ముఖ్యమైనది. సార్వభౌమాధికారము, సమాఖ్య, అధికార వికేంద్రీకరణము వంటి మాటలు నేడు పల్లెటూరి విద్యార్థి నోట కూడ పలుకుచున్నవన్నచో, అది తెలుగు మాధ్యమమున ఉన్నత విద్యకై జరిగిన కృషికి ఫలము.

ఒక వాదము – రెండు పక్షములు

ఈ విద్య కేవలము అధికరణముల సంఖ్యలను వల్లెవేయుట కాదు. ఒక విషయముపై రెండు పక్షముల వారు ఏమి చెప్పిరో విని, ఎవరి మాటలో ఎంత బలమున్నదో తూచుట ఇందలి సారము. పంచాయతీకి సంబంధించిన ఉదాహరణము నొకదానిని చూతము.

1948 నవంబరు 4వ తేదీన డాక్టరు అంబేద్కరు రాజ్యాంగ ముసాయిదాను రాజ్యాంగ సభ యెదుట ఉంచిరి. గ్రామమును ఆధారముగ జేసికొని ఈ రాజ్యాంగమును నిర్మింపలేదని అప్పటికే కొందరు ఆక్షేపించుచుండిరి. దానికి ఆయన సూటిగనే బదులు చెప్పిరి. గ్రామము సంకుచిత బుద్ధికి, అజ్ఞానమునకు, కులమత భేదములకు నెలవై యున్నదనియు, అందువలన గ్రామమును గాక వ్యక్తినే మూలముగ గ్రహించితిమనియు ఆయన అభిప్రాయము. అంటరానితనపు బాధను స్వయముగ ఎరిగినవారి మాట యది. దానిని తేలికగ త్రోసివేయ వీలులేదు.

సభ్యులు పలువురు ఈ మాటకు సమ్మతింపలేదు. గ్రామమును విస్మరించినచో స్వరాజ్యము పట్టణములకే పరిమితమగునని వారు వాదించిరి. అదే నెల 22వ తేదీన కె. సంతానంగారు, పంచాయతీలను ఏర్పరచి స్వపరిపాలనకు కావలసిన అధికారముల నొసగుటకు రాజ్యము పూనుకొనవలెనను సవరణమును ప్రతిపాదించిరి. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు దానిని సమర్థించుచు మాటాడిరి. అంబేద్కరుగారు ఆ సవరణము నంగీకరించిరి. నేటి 40వ అధికరణము అట్లు పుట్టినది.

అయినను అది ఆదేశిక సూత్రములలో చేరినది. ఆదేశిక సూత్రములను న్యాయస్థానము ద్వారా అమలు జరిపించుకొన వీలులేదని 37వ అధికరణము చెప్పుచున్నది. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో ఇచ్చిన నివేదికపై 1959 అక్టోబరు 2న రాజస్థానమందలి నాగౌరునందు పంచాయతీ రాజ్యము ప్రారంభమైనది; ఆ సంవత్సరముననే ఆంధ్ర ప్రదేశమునను ఆ విధానము ప్రవేశించినది. కాని తరువాతి దశాబ్దములలో పలుతావుల ఎన్నికలు వాయిదా పడుచు, పంచాయతీలు బలహీనమయ్యెను. శ్రీ పి.వి. నరసింహారావు ప్రధానమంత్రిగ నున్న కాలమున, 1992లో పార్లమెంటు 73వ రాజ్యాంగ సవరణమును ఆమోదించినది. 1993 ఏప్రిల్ 24 నుండి అది అమలులోనికి వచ్చినది.

ఈ సవరణమును పరిశీలించిన విద్యార్థికి ఒక విశేషము గోచరించును. గ్రామసభకు, పంచాయతీకి రాజ్యాంగమున స్థానము కల్పించుట ప్రకాశంగారి పక్షమునకు సమాధానము. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభా ననుసరించియు, స్త్రీలకు మూడవ వంతుకు తక్కువ కాకుండగను స్థానములు కేటాయించుట అంబేద్కరుగారి భయమునకు సమాధానము. గ్రామమునకు అధికారము కావలెను. ఆ అధికారము ఊరిలోని పెద్ద ఇండ్ల సొత్తు కాకూడదు. ఈ రెండు మాటలను కలిపి పట్టుకొన్నవారికే పంచాయతీ తత్త్వము బోధపడినట్లు. తరువాత మన రెండు రాష్ట్రముల చట్టములును స్త్రీల వాటాను సగమునకు పెంచినవి. భార్య గెలిచిన కుర్చీలో భర్త కూర్చుండుట ఈ సవరణ ఉద్దేశమునకే విరుద్ధమని పౌరశాస్త్రము చదివిన బాలిక నిర్భయముగ చెప్పగలదు.

పంచాయతీ కూడ ‘రాజ్యమే’

ఇంకొక పాఠమును గమనింతము. ఆంగ్లమున ‘స్టేట్’ అను ఒకే మాటకు తెలుగున రాజ్యము, రాష్ట్రము అను రెండు మాటలు కలవు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు. పౌరుని హక్కులను కాపాడవలసిన, వానికి భంగము కలిగింపరాని ప్రభుత్వ శక్తి యంతయు రాజ్యము. 12వ అధికరణమున ఈ రాజ్యమునకు నిర్వచనము చెప్పుచు, పార్లమెంటు, కేంద్ర ప్రభుత్వము, రాష్ట్ర ప్రభుత్వము, శాసన సభలతో బాటు స్థానిక అధికార సంస్థలను గూడ చేర్చిరి. అనగా మీ గ్రామ పంచాయతీ కూడ రాజ్యమే.

ఇది గౌరవమును, బాధ్యతను ఒక్కసారిగ కలిగించు మాట. రాజ్యమైనపుడు ప్రాథమిక హక్కులు పంచాయతీని గూడ బంధించును. ప్రభుత్వ ధనముతో పూర్తిగనో కొంతవరకో నిర్వహింపబడు బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు ఎవరికిని కులము, మతము, లింగము, జన్మస్థానము కారణముగ నిషేధింపరాదని 15వ అధికరణము చెప్పుచున్నది. అస్పృశ్యతను 17వ అధికరణము రద్దుచేసినది. కుళాయి గొట్టమును ఏ వీధివరకు వేయవలెను, వీధిదీపము ఏ వాడలో ముందు వెలుగవలెను అని మీరు తీర్మానించునపుడు, ఆ తీర్మానము ఈ అధికరణముల నీడలో జరుగుచున్నదని మరువరాదు. దళితవాడకు నీరు కడపట చేరుట కేవలము అలవాటు గాదు. సమానత్వమునకు సంబంధించిన ప్రశ్న. ఈ సంగతి ఎరిగిన పదునేడేండ్ల విద్యార్థి ఊరిలో ఒక్కడున్నను పంచాయతీకి మేలే.

‘వలెను’, ‘వచ్చును’

చట్టమును చదువు నేర్పు కూడ ఈ విద్యలో అలవడును. చట్టమున ‘చేయవలెను’ అని యుండుటకును, ‘చేయవచ్చును’ అని యుండుటకును ఎంతయో తేడా కలదు. 73వ సవరణముచే చేరిన భాగమును ఈ దృష్టితో పరిశీలింతము.

పంచాయతీలు ఏర్పడవలెను, వాని గడువు ఐదు సంవత్సరములు, గడువు తీరకమునుపే ఎన్నికలు పూర్తి కావలెను, ఆ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘము నడుపవలెను, ఐదేండ్ల కొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘము నియమింపబడవలెను. ఇవన్నియు ‘వలెను’ కోవలోనివి. ఇక పదునొకండవ షెడ్యూలులోని వ్యవసాయము, త్రాగునీరు, పాఠశాలలు, రహదారులు మొదలగు 29 విషయములపై పంచాయతీలకు అధికారము నిచ్చు 243–జి అధికరణము ‘వచ్చును’ కోవలోనిది. రాష్ట్ర శాసనసభ చట్టము ద్వారా అట్టి అధికారముల నొసగవచ్చునని మాత్రమే దాని భావము. గ్రామసభ అధికారములును అట్టివే.

ఈ తేడా తెలియని సభ్యుడు 29 విషయములును తనకు సంక్రమించినవని భ్రమపడును. లేదా, ఏ అధికారమును లేదని నిరాశ చెందును. తెలిసిన సభ్యుడు, ఆంధ్ర ప్రదేశమందైనచో 1994 నాటి పంచాయతీ రాజ్ చట్టమును, తెలంగాణయందైనచో 2018 నాటి చట్టమును తెరచి, ఏ విషయమున తన పంచాయతీకి ఎంతవరకు అధికారమున్నదో చూచుకొనును. చాలనిచో ఎవరి నడుగవలెనో కూడ అతనికి తెలియును. అడుగవలసినది గ్రామ కార్యదర్శిని గాదు, తన నియోజకవర్గపు శాసనసభ్యుని.

‘వలెను’ అని యున్నదంతయు తనంతట తానే జరుగునని అనుకొనుటయు పొరపాటే. ఆంధ్ర ప్రదేశమున 2018 ఆగస్టుతో గడువు ముగిసిన గ్రామ పంచాయతీలకు 2021 ఫిబ్రవరియందు గాని ఎన్నికలు జరుగలేదు. ఈ మాటను ఎవరినో నిందించుటకై చెప్పుట లేదు. రాజ్యాంగమున వ్రాసిన మాటకును, ఊరిలో జరుగు పనికిని నడుమ కొంత దూరముండుననియు, ఆ దూరమును తగ్గించునది తెలిసిన పౌరుల జాగరూకతయే యనియు సూచించుటకై చెప్పితిమి.

నిధుల విషయమునను ఇదే తీరు. పదునైదవ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థల కిచ్చిన నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు మాత్రమే వినియోగింపవలసినవి. తక్కిన 40 వంతులు స్థానిక అవసరముల ననుసరించి వినియోగింపదగినవి. వీనినే టైడ్, అన్‌టైడ్ నిధులందురు. ఈ భేదము తెలియకపోవుటచేత, సొమ్ముండియు పని జరుగలేదను అపవాదు సర్పంచిపై పడవచ్చును. లెక్కను గ్రామసభలో విప్పిచెప్పువారుండిన, ఆ అపవాదు సగము అచ్చటనే తీరిపోవును.

కొన్ని సందేహములు

పిల్లలకు రాజకీయము లెందులకని కొందరు పెద్దలు శంకింతురు. ఊరిలో పార్టీల వలన అన్నదమ్ములు మాటలు మానుకొనుట చూచినవారికి ఈ శంక సహజమే. కాని రాజనీతి శాస్త్రము వేరు, పార్టీ రాజకీయము వేరు. ఒకటి ఏ జెండా పట్టవలెనో చెప్పును. రెండవది జెండా పట్టువాడు చెప్పు మాట నిజమో కాదో ఎట్లు తేల్చుకొనవలెనో నేర్పును. పదునెనిమిదేండ్లకే ఓటు హక్కు లభించుచున్న కాలమిది. 1988 నాటి 61వ రాజ్యాంగ సవరణముచే ఓటు వయస్సు 21 నుండి 18కి తగ్గినది. ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి ఇంచుమించు ఆ వయస్సుననే యుండును. 21 సంవత్సరములు నిండిన పిమ్మట పంచాయతీకి పోటీ చేయుటకును అర్హుడగును. పొలము చేతికి రాకమునుపే సేద్యము నేర్చుకొనుట తెలివియైనపుడు, ఓటు చేతికి రాకమునుపే దాని విలువ నెరుగుట తెలివి కాదా?

ఈ చదువు కూడు పెట్టునా యనునది రెండవ సందేహము. ఇది తల్లిదండ్రుల న్యాయమైన ప్రశ్న. దీనికి దాపరికము లేని సమాధానము కావలెను. పౌరశాస్త్రము చదివినంత మాత్రమున ఉద్యోగము వచ్చి వాకిట నిలువదు. ఇంజనీరింగు, వైద్యము కోరువారికి ఇది మార్గము గాదు. కాని ఇంటర్మీడియట్ పిమ్మట ఐదేండ్ల న్యాయశాస్త్ర విద్యకు పోవచ్చును, బి.ఏ., ఎం.ఏ. చదివి అధ్యాపక వృత్తి నవలంబింపవచ్చును. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషనులు జరుపు గ్రూపు పరీక్షలలో రాజ్యాంగము, పరిపాలన ముఖ్య భాగములు. అఖిల భారత సివిల్ సర్వీసుల పరీక్షలో రాజనీతి శాస్త్రమును ఐచ్ఛిక విషయముగ గైకొనవచ్చును. లెక్కలపై మనసు లేని పిల్లవానిని బలవంతముగ ఎం.పి.సి.లో చేర్చి రెండేండ్లు కృశింపజేయుట కంటె, వానికి రుచించు విద్యలో ప్రోత్సహించుట మేలు.

మూడవది, ఈ విద్యలోని లోపమును గూర్చిన మాట. పలుచోట్ల పౌరశాస్త్రమును ప్రశ్నోత్తరములుగ బట్టీపట్టి పరీక్ష వ్రాయుచున్నారు. గ్రామసభను గూర్చి పుటలకొలది వ్రాసిన విద్యార్థి తన ఊరి గ్రామసభ నొక్కసారియు చూడకపోవుట కద్దు. ఇందు అధ్యాపకుని తప్పు కొంతయే. శాస్త్రమునకు ప్రయోగశాల కావలెను. రసాయన శాస్త్రమునకు ప్రయోగశాల కళాశాలలో నుండును. పౌరశాస్త్రమునకు ప్రయోగశాల మీ పంచాయతీ కార్యాలయము. దాని తలుపు తెరువవలసినవారు మీరే.

పంచాయతీలు చేయదగిన పనులు

ఇందులకు గొప్ప వ్యయము అక్కరలేదు. ఈ దిగువ పనులు ఏ పంచాయతీయైనను చేయదగినవి.

మొదటిది: గ్రామసభ జరుగు దినమును ముందుగ ఊరిలోని ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలిపి, వచ్చి కూర్చుండి వినుమని పిలువవలెను. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభ సభ్యులే గనుక, 18 నిండినవారు మాటాడుటకును హక్కుదారులు. చిన్నవారు చూచి నేర్చుకొందురు.

రెండవది: పంచాయతీ బడ్జెటును, తీర్మానముల పుస్తకమును విద్యార్థులకు చూపి, ఒక తీర్మానము ఎట్లు పుట్టి, ఎట్లు పనిగ మారునో వివరింపవలెను. అడిగిన ప్రశ్నకు విసుగుకొనరాదు. నేడు పిల్లలు అడిగిన ప్రశ్నయే రేపు ఆడిటు అడుగవచ్చును.

మూడవది: గ్రంథాలయమందు గాని, కార్యాలయమందు గాని తెలుగు అనువాదముతో గూడిన భారత రాజ్యాంగ ప్రతిని, మీ రాష్ట్ర పంచాయతీ రాజ్ చట్టపు ప్రతిని అందరికి అందుబాటులో నుంచవలెను. బీరువాలో తాళము వేసిన పుస్తకము లేనిదానితో సమానము.

నాల్గవది: ఏప్రిల్ 24 పంచాయతీ రాజ్ దినమునాడు, నవంబరు 26 రాజ్యాంగ దినమునాడు సమీప జూనియర్ కళాశాల పౌరశాస్త్ర అధ్యాపకుని ఆహ్వానించి ప్రసంగ మిప్పింపవలెను. ప్రసంగానంతరము ప్రశ్నలకు వ్యవధి నియ్యవలెను.

ఐదవది: ఓటరు నమోదునకు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మాసముల మొదటి తేదీలు నాలుగును అర్హతా దినములుగ నిర్ణయింపబడినవి. 17 నిండినవారు ముందుగనే 6వ నంబరు ఫారమును దాఖలు చేసికొనవచ్చును. ఈ పనిలో పౌరశాస్త్ర విద్యార్థులను సహాయకులుగ గైకొన్నచో పని సులువగును. వారి చదువునకు ప్రాణము వచ్చును.

ఆరవది: మీ మండలమందలి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఆర్ట్సు గ్రూపులు నడచుచున్నవో లేదో విచారింపవలెను. చేరువారు లేనిచో గ్రూపు నిలుచుట కష్టము. గ్రూపు మూతబడిన పిమ్మట, దూరపు పట్టణమునకు పంపలేని ఇంటి పిల్లకు, ముఖ్యముగ ఆడపిల్లకు, చదువే ఆగిపోవు ప్రమాదము కలదు. ఈ విషయమును సకాలమున గ్రామసభలో చర్చించి అధికారుల దృష్టికి గొనిపోవుట పంచాయతీ ధర్మము.

రాజ్యాంగ సభలో మాటాడిన పెద్దలలో తెలుగువారు పెక్కుమంది యుండిరి. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశముఖ్ ఆ సభలోని కొలదిమంది స్త్రీ సభ్యులలో నొకరు. అట్టివారు వాదించి, వ్రాసి, మన చేతికిచ్చిన రాజ్యాంగమున గ్రామమునకు చోటు దొరకుటకు 1948 నుండి 1993 వరకు నలువదియైదేండ్లు పట్టినది. ఆ చోటును నిలుపుకొనుట ఐదేండ్ల కొకసారి మారు పాలకవర్గము వలన మాత్రమే కాదు. దానిని చదివి, అర్థము చేసికొని, అవసరమైనపుడు లేచి అడుగగల యువజనుల వలన. ఈ వేసవిలో పదవ తరగతి గట్టెక్కిన పిల్లల తల్లిదండ్రులు మీ సలహా కోరవచ్చినపుడు, మూడవ గ్రూపొకటి కూడ కలదని, దాని అవసరము గ్రామమునకు కలదని వారికి చెప్పుడు.